గోడ వెనుక నీటికి దారేది?

మద్రాసులో కొండలెక్కడున్నాయండీ, కొండవాలు గోడల గురించి రాయడానికి అని సంఘం మిత్రులొకరు నవ్వారు. నిజమే, మైలాపూరు నుంచి అన్నానగర్ దాకా చాప పరిచినట్టున్న ఊరు మనది. అయినా ఒకసారి తాంబరం వైపు ఎలక్ట్రిక్ రైలెక్కి కిటికీలోంచి చూడండి. సెయింట్ థామస్ మౌంట్, తిరుశూలం, పల్లావరం దగ్గర గుట్టలు వరసగా కనిపిస్తాయి. కలకత్తా నగరంతో ముడిపడిన జాబ్ చార్నాక్ సమాధి మీది రాయి ఇక్కడిదే. ఆయన పేరు మీదుగానే ఆ జాతి రాతికి చార్నొకైట్ అన్న పేరు వచ్చింది. ఆ గుట్టల వాలు మీద ఇప్పుడు వేల ఇళ్లున్నాయి. వాటిలో ఒకటి మాది.

వాలు లేని చోట మనమే వాలు తయారు చేసుకుంటున్నాం. 2015 డిసెంబరు వరదలు మీకు గుర్తుండే ఉంటాయి. ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది. ఆ తరువాత వేళచ్చేరి, ముడిచ్చూరు వైపు కొత్తగా ఇల్లు కట్టేవారందరూ ముందు లారీలతో మట్టి తోలించి స్థలం ఎత్తు పెంచడం మొదలుపెట్టారు. మంచిదే. కానీ మూడడుగుల మట్టి పోసిన మర్నాటి నుంచి ఆ స్థలం చుట్టూ ఉన్న ప్రహరీ గోడ ప్రహరీగా మిగలదు. మట్టిని ఆపే గోడ అయిపోతుంది. ఆ సంగతి గోడ కట్టిన మేస్త్రీకీ తెలియదు, మట్టి పోసిన యజమానికీ తెలియదు. తెలిసేది కార్తీకమాసపు వానలకు.

మట్టిని ఆపే గోడను ఇంజనీర్లు రిటైనింగ్ వాల్ అంటారు. ఇక్కడి మేస్త్రీలు తడుప్పు సువర్ అంటారు. విజయవాడ కృష్ణలంకలో చిన్నపిల్లలకు కూడా రిటైనింగ్ వాల్ అంటే తెలుసు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణను వాళ్ల ఇళ్లలోకి రాకుండా ఆపింది అలాంటి గోడే. నేను రాసేది అంత పెద్ద గోడల మాట కాదు. మనబోటి ఉద్యోగస్థులు నలభై అడుగుల స్థలంలో కట్టుకునే మూడడుగుల, ఆరడుగుల గోడల మాట. నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, ఇంజనీరును కాను. ముప్పై ఏళ్లుగా ఇంటి అప్పుల కాగితాలు చూసిన అనుభవం, సొంత గోడ ఒకటి దగ్గరుండి కట్టించిన అనుభవం, అంతే నా అర్హత.

వాన రాత్రుల్లో కూలిన గోడలు

ముందుగా నాలుగు తేదీలు చెబుతాను.

2014 జూలై 6 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరాన, తిరువళ్లూరు జిల్లా ఉప్పరపాళయంలో ఒక గోదాము ప్రహరీ గోడ వానకు కూలి పక్కనే ఉన్న గుడిసెల మీద పడింది. 11 మంది చనిపోయారు. ఆంధ్ర నుంచి కట్టుబడి పనికి వలస వచ్చిన కూలీలు వాళ్లు.

2019 డిసెంబరు 2న, ఇదీ తెల్లవారుజామునే, కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర నాడూరులో ఒక పెద్ద ఇంటి ప్రహరీ గోడ పల్లంలో ఉన్న చిన్న ఇళ్ల మీద పడి 17 మంది నిద్రలోనే పోయారు. దాదాపు 20 అడుగుల ఎత్తు రాతి గోడ అది. చనిపోయినవారు అరుంధతీయ కులస్థులు. ఆ ప్రాంతంలో ఆ కులంవారు చాలామంది ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడుకుంటారు. మన సభలకు వాళ్లను ఎప్పుడూ పిలవలేదు గాని, వాళ్లూ మనలాగే బయట ఉన్న తెలుగువాళ్లే.

2024 మే 7న హైదరాబాదు బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు రిటైనింగ్ వాల్ భారీ వానకు కూలీల షెడ్ల మీద పడింది. ఒక పసివాడితో సహా ఏడుగురు పోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు.

2025 ఏప్రిల్ 30, సింహాచలం. చందనోత్సవం రోజు. అప్పన్న నిజరూప దర్శనానికి అర్ధరాత్రి నుంచి క్యూలో నిలబడ్డ భక్తుల మీద, కొద్ది రోజుల ముందే కొండవాలున కట్టిన గోడ గాలివానకు కూలింది. ఏడుగురు చనిపోయారు. వెనుక చేరిన నీరు బయటికి పోవడానికి గోడకు రంధ్రాలే లేకపోవడం విచారణలో బయటపడిన లోపాల్లో ఒకటి.

ఇవన్నీ ఒకే రకం గోడలు కావు. ఒకటి గోదాముది, ఒకటి ఇంటిది, ఒకటి అపార్టుమెంటుది, ఒకటి గుడిది. కలిసిన విషయాలు రెండు. నాలుగుసార్లూ వాన పడింది. నాలుగుసార్లూ పోయింది గోడ కట్టించినవాళ్లు కాదు, గోడ పక్కన ఉన్నవాళ్లు.

గోడను నెట్టేది ఎవరు?

మట్టి గోడను ఎంత బలంగా నెడుతుందో మొదట లెక్కగట్టినవాడు కూలుంబ్ అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు. 1776లో ఆయన వ్యాసం అచ్చయింది. 1857లో స్కాట్లండుకు చెందిన రాంకిన్ దాన్ని ఇంకా సులువు చేశాడు. ఇప్పటికీ ఇంజనీర్లు మొదట వేసేవి ఆ లెక్కలే. మా ఇంజనీరు వాటిని ఒక కాగితం మీద వేసి చూపిస్తే, అంకెలతోనే బతికిన నాకు వెంటనే బుర్రకెక్కాయి.

రెండు మీటర్ల ఎత్తు గోడ అనుకోండి, అంటే ఆరున్నర అడుగులు. దాని వెనుక పొడిగా ఉన్న ఇసుక మట్టి నిండా ఉంది. ఒక్కొక్క మీటరు పొడవు గోడ మీద ఆ మట్టి తోపు సుమారు 1,200 కిలోలు. ఇప్పుడు గోడ ఎత్తు రెట్టింపు చేసి నాలుగు మీటర్లు చేశామనుకోండి. తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది, 4,900 కిలోలు. గోడను కాలి దగ్గర పట్టి తిరగదోసే బలమైతే ఎనిమిది రెట్లు. చక్రవడ్డీ కూడా ఇంత త్వరగా పెరగదు. అందుకే మూడడుగుల గోడ నిలబడింది కదా అని అదే పద్ధతిలో ఆరడుగులు లేపితే నిలబడదు.

ఇక అసలు సంగతి. అదే రెండు మీటర్ల గోడ వెనుక వాననీరు దారి లేక పైదాకా నిండితే తోపు 1,200 నుంచి సుమారు 2,700 కిలోలకు పెరుగుతుంది. మట్టి గింజలు ఒకదానినొకటి పట్టుకుని కొంత బరువు తామే ఓర్చుకుంటాయి. నీటికి ఆ గుణం లేదు, ఉన్న బరువంతా పక్కకు నెడుతుంది. పైగా తడిసిన మట్టికి పట్టు తగ్గుతుంది, పునాది కింద నేల మెత్తబడుతుంది. గోడ చేయాల్సిన పని రెట్టింపు కన్నా ఎక్కువయ్యే వేళకే దాని కాళ్ల కింద బలం తగ్గుతుందన్న మాట.

మా గోడ కట్టిన మేస్త్రీ ఈ లెక్కలేవీ చదవలేదు. ఆయన వడ్డెరవాడు. తమిళనాడులో ఒడ్డర్లు, బోయర్లు అని పిలిచే ఈ రాతిపనివారు ఎన్నో తరాల క్రితం వచ్చి కూడా తెలుగు మరవలేదు. పల్లావరం క్వారీల్లో రాయి కొట్టిన తాతల మనుమడు. పని మొదలుపెట్టిన రోజున నాతో ఒక మాటన్నాడు: "మన్ను ఉన్నకాడే ఉంటుంది సార్. నీళ్లే ఊరుకోవు."

నీరు పల్లమెరుగు అని సామెత. గోడ కట్టేవాడు గుర్తుంచుకోవలసిన ఇంజనీరింగు అంతా ఆ రెండు మాటల్లో ఉంది.

మా గోడ కట్టిన వైనం

మా స్థలం 40 అడుగులు వెడల్పు, 60 అడుగులు పొడవు. వెనుక నుంచి ముందుకు ఏడడుగుల పల్లం. స్థలానికి కిందివైపు నాలుగు రేకుల ఇళ్లున్నాయి. వాటిలో ఒక ఇంటివారి మంచం మా సరిహద్దుకు మూడడుగుల దూరంలో ఉంటుంది. 2016లో పని మొదలుపెట్టినప్పుడు ఇంజనీరు ముందు చూసింది మా స్థలాన్ని కాదు, ఆ మంచాన్ని.

ఏడడుగులకీ ఒకే గోడ కట్టవద్దన్నారాయన. కింద నాలుగడుగుల గోడ, పైన మూడడుగుల గోడ, రెండింటికీ నడుమ ఎనిమిది అడుగుల మెట్టు. ఎత్తు తగ్గితే తోపు ఎంత తగ్గుతుందో పైన చెప్పాను కదా. అయితే రెండు గోడలూ దగ్గర దగ్గరగా ఉంటే పైదాని బరువు కిందిదాని మీదే పడుతుంది. అందుకని కింది గోడ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరం వదలాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఆ మెట్టు మీద ఇప్పుడు మా ఆవిడ కరివేపాకు, మల్లె, గోంగూర పెంచుతోంది. పెద్ద చెట్లు మాత్రం ఇంజనీరు వద్దన్నారు.

గోడకు సిమెంటు హాలో బ్లాకులు వాడాం. పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు, ఎనిమిది అంగుళాల మందం. వీటికి ఐఎస్ 2185 అనే భారత ప్రమాణం ఉంది. కనీసం 14 రోజులు నీళ్లతో తడిపి, ఆ తరువాత నాలుగు వారాలు ఆరనిచ్చిన బ్లాకులే వాడాలని అది చెబుతుంది. నిన్న అచ్చు పోసి ఈ రోజు లారీకెక్కించిన బ్లాకులు చాలాచోట్ల అమ్ముతారు. అంచును వేలితో రుద్దితే ఇసుక రాలితే అది పచ్చి బ్లాకు. రెండింటిని ఒకదానితో ఒకటి తట్టితే గట్టి బ్లాకు ఖంగుమంటుంది.

హాలో బ్లాకు అంటే లోపల ఖాళీ ఉన్న దిమ్మ. దాన్ని ఉత్త సిమెంటుతో ఒకదాని మీద ఒకటి పేర్చితే ప్రహరీకి సరిపోవచ్చు గాని మట్టిని ఆపలేదు. దాని గొప్పతనమంతా ఆ ఖాళీలోనే ఉంది. ముందు నేలను అడుగున్నర లోతు తవ్వి, మూడున్నర అడుగుల వెడల్పున కాంక్రీటు పునాది పలక పోశారు. ఆ వెడల్పులో ఎక్కువ భాగం మట్టి వైపే ఉంటుంది. ఎందుకంటే పైన పడే మట్టి బరువే ఆ పలకను తొక్కిపట్టి గోడ ముందుకు ఒరగకుండా ఆపుతుంది. గోడను నెట్టే మట్టి చేతే గోడను పట్టి ఉంచడం ఇందులోని యుక్తి. పునాదిలోంచి నిలువు కమ్మీలు పైకి వదిలారు. బ్లాకుల ఖాళీలు ఆ కమ్మీల మీదికి దిగేటట్టు వరసలు పేర్చారు. తరువాత చిన్న కంకరతో కలిపిన కాంక్రీటు ఆ ఖాళీల్లో కడ్డీతో పొడుస్తూ నింపారు.

ఇక్కడ ఒక కిటుకుంది. మట్టి నెట్టినప్పుడు గోడ ముందుకు వంగబోతుంది. అప్పుడు సాగేది మట్టి వైపు ముఖం. కాబట్టి కమ్మీ మట్టి వైపుకు దగ్గరగా ఉండాలి. చూడటానికి ముందువైపే బలం కావాలనిపిస్తుంది. అలా అనుకుని కమ్మీని ముందువైపు పెడితే డబ్బు ఖర్చయినా ఫలితం దాదాపు సున్న.

కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుందని లెక్క. అన్ని రోజులూ గోడ వెనుక మట్టి వేయనివ్వలేదు ఇంజనీరు. గోనెసంచులు కప్పి పొద్దున, సాయంత్రం తడిపించారు. గోడ లేచింది కదా, మట్టి పోసేద్దాం అని తొందరపడేవారికి ఈ ఒక్క నెలా ఓపిక పట్టమని చెప్పడానికే నాకీ వ్యాసం రాయాలనిపించింది.

ఆ తరువాత నీటి దారి. దీనికి నాలుగు అంచెలున్నాయి.

మొదటిది, గోడ వెనుక అడుగు వెడల్పున కింది నుంచి దాదాపు పైదాకా కంకర. మట్టి కంకరలోకి దిగి పూడిపోకుండా రెండింటికీ నడుమ ఒక నేత గుడ్డ. జియోటెక్స్‌టైల్ అని అమ్ముతారు. నీటిని వదిలి మట్టిని ఆపుతుంది, మనం కాఫీ వడగట్టుకున్నట్టు.

రెండవది, ఆ కంకర అడుగున గోడ పొడవునా నాలుగు అంగుళాల గొట్టం. దానికి చిల్లులుంటాయి. ఒకవైపుకు వాలుగా పెట్టి వీధి కాలువలోకి కలిపాం.

మూడవది, గోడలోంచి ముందుకు వచ్చే మూడంగుళాల పైపు ముక్కలు, అయిదడుగులకు ఒకటి చొప్పున. వీటినే వీప్ హోల్స్ అంటారు. అడుగు గొట్టం పూడినా ఇవి పనిచేస్తాయి. ఇవి కూడా నేరుగా రేకుల ఇళ్ల వాకిట్లో పడకుండా గోడ పాదం వెంట చిన్న కాలువ కట్టి తిప్పాం.

నాలుగవది అందరూ మరచిపోయేది. పైన పడ్డ నీరు అసలు గోడ వెనక్కి దిగకుండా చూడటం. కంకర మీద ఆఖరి అడుగు బంకమట్టితో గట్టిగా తొక్కించి, పైనీరు పక్కకు పోయేలా చిన్న కాలువ తీయాలి. మా స్థలం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే ఎంత నీరో లెక్కవేశాను. 22,000 లీటర్లు పైమాటే. ఎండాకాలంలో మనం ఎదురుచూసే 12,000 లీటర్ల ట్యాంకరు లారీలు దాదాపు రెండు. అవి గోడ వెనుక ఖాళీ చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

వెనుక నింపే మట్టి కూడా చూసుకోవాలి. నల్లరేగడి, చెరువు బంక పనికిరావు. తడిస్తే ఉబ్బుతాయి. ఇసుక పాలు ఉన్న గ్రావెల్ మట్టి వేసి, ఆరేడు అంగుళాలకు ఒక పొర చొప్పున దిమ్మిస చేయించాలి. లారీ గోడ అంచుదాకా వచ్చి ఒకేసారి కుమ్మరించకూడదు. ఇంకొక మాట. 2003 నుంచి తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి. చాలా మంచి చట్టం. కాని ఆ గుంతను గానీ, సెప్టిక్ ట్యాంకును గానీ మట్టిని ఆపే గోడ వెనకే తవ్వితే, వెళ్లగొట్టవలసిన నీటిని పిలిచి కూర్చోబెట్టినట్టే. మాది స్థలంలో ఎదురు మూలకు మార్చాం.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటక ముందు చెన్నైని ముంచింది. ఆ రెండు రోజులూ మా వీప్ హోల్స్ అన్నీ కారుతూనే ఉన్నాయి. కింది ఇంటి పెద్దావిడ మర్నాడు కనబడి, "మీ గోడ రాత్రంతా ఏడ్చిందయ్యా" అంది తమిళంలో. ఏడవనివ్వండమ్మా, ఏడిస్తేనే నిలబడుతుంది అన్నాను.

సిమెంటు పూయని అమెరికా గోడలు

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఇళ్లు కొనుక్కున్నారు. అట్లాంటాలో మా మేనల్లుడి పెరటి గోడ చూసి నేను మొదట ఆశ్చర్యపోయాను. బ్లాకుల నడుమ సిమెంటే లేదు. 1980లలో అక్కడ వ్యాప్తిలోకి వచ్చిన పద్ధతి ఇది. ముప్పై, ముప్పైఅయిదు కిలోల కాంక్రీటు దిమ్మలు ఒకదాని వెనుక పెదవి ఒకదానికి తగిలేటట్టు పోతపోస్తారు. ఒక్కొక్క వరస కొంచెం వెనక్కి జరిగి కూర్చుంటుంది కాబట్టి గోడ మొత్తం కొండ వైపుకు వాలి ఉంటుంది. మొదటి వరస నేలలో పాతుతారు. సిమెంటు లేనందువల్ల సందుల్లోంచి నీరు దానంతటదే కారిపోతుంది. నేల కొంచెం కుంగినా గోడ పగలకుండా సర్దుకుంటుంది.

మూడడుగుల లోపు గోడను అక్కడ ఇంటివారే శని, ఆదివారాల్లో కట్టుకుంటారు. నాలుగడుగులు దాటితే చాలాచోట్ల అనుమతి, ఇంజనీరు డిజైను కావాలి. ఎత్తు పెరిగినప్పుడు రెండు మూడు వరసలకు ఒకసారి ప్లాస్టిక్ వలను బ్లాకుల మధ్య నుంచి వెనుక మట్టిలోకి, గోడ ఎత్తులో కనీసం 60 శాతం దూరం పరుస్తారు. దాని మీద మట్టి వేసి దిమ్మిస చేస్తారు. వల, మట్టి కలిసి ఒకే ముద్దలా నిలబడతాయి. 1960లలో హెన్రీ విడాల్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఇనుప పట్టీలతో ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. మన నగరాల్లో చాలా ఫ్లైఓవర్లు ఎక్కే చోట పక్కన కనిపించే నగిషీ కాంక్రీటు పలకల వెనుక ఉన్నది ఇదే. ఆ పలకలు ముఖం మాత్రమే. బరువు మోసేది వెనుక ఉన్న పొరలు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు నేను చెప్పేదొకటే. ఆ గోడకు సిమెంటు అక్కర్లేదు గాని, వెనుక కంకర, అడుగున గొట్టం అక్కడా కావాలి.

ఖర్చు లెక్క, పొరుగు లెక్క

బ్యాంకులో ఇంటి అప్పుకు వచ్చే ఎస్టిమేటుల్లో పూజగది తలుపు ఖర్చు ఉంటుంది, మాడ్యులర్ కిచెన్ ఉంటుంది. వాలు స్థలమైనా మట్టిని ఆపే గోడ ఖర్చు అరుదుగా ఉంటుంది. ఇల్లు పూర్తయ్యాక మిగిలిన డబ్బుతో, మిగిలిన ఇసుకతో ప్రహరీతో పాటు లేపేస్తారు. నిజానికి వాలు స్థలంలో మొదట లేవవలసింది ఈ గోడే. స్థలం చవగ్గా వచ్చిందని సంతోషించేవారు ఆ చవక ఎందుకో ఆలోచించాలి. పల్లం స్థలానికీ, చదును స్థలానికీ ఉన్న ధర తేడాలో ఈ గోడ ఖర్చు దాగి ఉంటుంది. ప్లాను అనుమతికి పెట్టేటప్పుడే గోడను డ్రాయింగులో చూపించి, దాని ఖర్చును ఎస్టిమేటులో కలిపి అప్పు అడగండి.

ఇంకొకటి గమనించాను. ఖర్చు తగ్గించమంటే కాంట్రాక్టరు ముందు తీసేసేది కంకర, గొట్టం, గుడ్డ. బయటికి కనబడవు కాబట్టి. మొత్తం గోడ ఖర్చులో అవి చిన్న భాగం. గోడ నిలబడటంలో పెద్ద భాగం.

పొరుగువారితో వచ్చే చిక్కు వేరు. ముడిచ్చూరులో ఉన్న మా సహోద్యోగి ఒకరి పక్క స్థలంవారు మట్టి పోయించి మూడడుగులు ఎత్తు పెంచారు. మధ్యలో ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక ప్రహరీ. రెండు వానాకాలాలకు గోడ ఇటువైపు కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది. ఎవరి గోడ, ఎవరి ఖర్చు అని మాటామాటా పెరిగింది. చివరికి ఇద్దరూ ఒక ఇంజనీరును పిలిచి, మట్టిని గోడ నుంచి అయిదడుగులు వెనక్కి తవ్వించి, మట్టి పోసినవారు వాళ్ల హద్దులో సొంత గోడ కట్టుకున్నారు. అదే న్యాయమనిపించింది నాకు. మట్టిని ఎత్తు పెంచినవాడే ఆ మట్టిని ఆపుకోవాలి. పొరుగువాడి ప్రహరీని జామీనుగా పెట్టుకోకూడదు.

హాంకాంగ్ నంబరు పలకలు

ప్రభుత్వం తలుచుకుంటే ఏం చేయవచ్చో హాంకాంగ్ చేసి చూపింది. 1972 జూన్ 18న ఒకే రోజు సౌ మౌ పింగ్, పో షాన్ రోడ్ అనే రెండుచోట్ల కొండచరియలు విరిగి 138 మంది చనిపోయారు. 1977లో కొండవాలుల కోసమే ప్రత్యేక ఇంజనీరింగు కార్యాలయం పెట్టారు. అయినా 1994లో క్వున్ లుంగ్ లావ్ అనేచోట పాత రాతి గోడ ఒకటి కూలి అయిదుగురు పోయారు. నేలలో పాతిన నీటి గొట్టాల లీకు గోడ వెనుక మట్టిని తడిపిందని తేలింది. వాన నీరే కానక్కర్లేదు, మన ఇంటి పైపు లీకు కూడా చాలునన్న మాట. ఇప్పుడు అక్కడ మనిషి కట్టిన దాదాపు 60,000 వాలులు, గోడలు రికార్డులో ఉన్నాయి. ఒక్కొక్క దానికి ఒక నంబరు పలక. బ్యాంకులో ప్రతి ఖాతాకు నంబరున్నట్టు ప్రతి గోడకూ ఒక నంబరు, దాని మరమ్మతుకు ఒక బాధ్యుడు.

మన దగ్గర కొండప్రాంతాల గోడలకు ఐఎస్ 14458 అనే ప్రమాణం 1990ల చివరి నుంచే ఉంది. పుస్తకంలో ఉన్నది గోడలోకి రావాలంటే కట్టించేవాడు అడగాలి.

ఆశ్వయుజంలోనే చూసుకోండి

ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి. అంతకు ముందే ఒక ఆదివారం మీ గోడ చుట్టూ, మీ అపార్టుమెంటు గోడ చుట్టూ, విశాఖలోనో విజయవాడలోనో కొండ పక్కన ఉన్న అమ్మానాన్నల ఇంటి గోడ చుట్టూ ఒకసారి తిరగండి.

దారానికి రాయి కట్టి గోడ పైనుంచి వేలాడదీయండి. గోడ ముందుకు ఒరిగిందో, నడుమ ఉబ్బిందో తెలిసిపోతుంది. కిందిభాగంలో అడ్డంగా పడిన బీట నిలువు బీట కన్నా ప్రమాదం. పైన నేల మీద గోడకు సమాంతరంగా పగులు కనబడితే మట్టి కదులుతున్నట్టు. వీప్ హోల్స్‌లో కాకులు, ఎలుకలు పెట్టిన చెత్త ఉంటే కమ్మీతో తీయించండి. వానలో అవి కారకపోతే సంతోషించకండి, నీరు లోపలే ఉందని అర్థం. బురద నీరు కారుతుంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. రంగులు వేసేవాళ్లు వాటిని సిమెంటుతో పూడ్చేస్తారు, అందంగా లేవని. పూడ్చనివ్వకండి.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనబడ్డా ఇంజనీరును పిలవండి. ఆయన వచ్చేలోగా గోడకు అటువైపు, పల్లంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి తలుపు తట్టండి. వానాకాలం పోయేదాకా ఆ గోడ పక్క నుంచి మంచాలు తీసి అవతలి గదిలో వేసుకోమని చెప్పండి. అద్దెకున్నవాళ్లయినా, కూలీలయినా, వాళ్ల భాష మనకు రాకపోయినా సరే. ముందు మంచం జరగాలి. గోడ మరమ్మతు ఆ తరువాత.